ఇది కూడా రాయాలా మేడం?

(బెంగళూరులో ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్న తెలుగు విద్యార్థుల కోసం మారతహళ్ళిలో ఒక ఆదివారం ఉదయం జరిగిన సమావేశంలో, ఇక్కడే పనిచేస్తున్న ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ చేసిన ప్రసంగం.)

అందరికీ నమస్కారం. కెంగేరి నుంచి, యలహంక నుంచి రెండేసి బస్సులు మారి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారని ఇందాకే చెప్పారు. ఆదివారం నిద్ర మానుకుని వచ్చారు, సంతోషం. ప్రాజెక్టు ఫైనల్ రిపోర్టు ఎలా రాయాలన్నది ఈరోజు మాట. మార్జిన్ ఎంత వదలాలి, అక్షరాల సైజు ఎంత, సర్టిఫికెట్ పేజీలో మీ పేరు పక్కన యూఎస్ఎన్, అంటే మీ యూనివర్సిటీ సీట్ నంబర్, ఎక్కడ రావాలి, ఇవన్నీ మీ యూనివర్సిటీ ఫార్మాట్‌లో ఉంటాయి. వాటిని అక్కడే చూసుకోండి. ఫార్మాట్‌లో ఉండని సంగతి గురించి చెబుదామని వచ్చాను.

నేను 18 ఏళ్ళుగా ఈ ఊళ్ళో సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. కాలేజీలవాళ్ళు అప్పుడప్పుడు ఆఖరి ప్రాజెక్టు రివ్యూకి పిలుస్తుంటారు. రెండేళ్ళ కిందట అలా ఒక కాలేజీకి వెళ్ళాను. ఒక బ్యాచ్‌లో నలుగురూ మనవాళ్ళే. ఇద్దరిది అనంతపురం, ఒకరిది కడప, ఇంకో అమ్మాయిది హిందూపురం. పీజీలో, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టల్లో, పొద్దున టిఫిన్ ఎంతమందికి చేయాలో ముందే లెక్క చెప్పే యాప్ వాళ్ళ ప్రాజెక్టు. మీలో సగంమంది పీజీల్లోనే ఉంటారు కాబట్టి సంగతి మీకు తెలుసు. 120 మంది ఉండే పీజీ. మామూలు రోజుల్లో లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది. పండగ ముందు రోజు మాత్రం సగం మంది మెజెస్టిక్‌లో బస్సెక్కి ఊళ్ళకు పోతారు. ఆ సంగతి వంటావిడకి ఎవరూ చెప్పరు. మర్నాడు రెండు గిన్నెల ఉప్మా పారబోస్తారు.

మంచి ప్రాజెక్టు కదా. నాకూ ముచ్చటేసింది. రిపోర్టు తెరిచాను. 74 పేజీలు. ఆహార వృథా ప్రపంచాన్ని పీడిస్తున్న సమస్య అని మొదలైంది. ఆ తర్వాత ఆండ్రాయిడ్ చరిత్ర మూడు పేజీలు, డేటాబేస్ అంటే ఏమిటో రెండు పేజీలు. టెక్నికల్ ఫీజిబిలిటీ, ఎకనామిక్ ఫీజిబిలిటీ, ఆపరేషనల్ ఫీజిబిలిటీ. ఈ మూడూ సీనియర్ల రిపోర్టుల్లో ఏళ్ళ తరబడి అలాగే దిగుతూ వస్తున్న పేరాలు. టెస్టింగ్ అధ్యాయంలో పన్నెండు టెస్ట్ కేసులు, పన్నెండూ పాస్. 74 పేజీలూ తిరగేశాక కూడా ఆ నలుగురూ ఆరు నెలలు ఏం పాట్లు పడ్డారో నాకు తెలియలేదు.

ప్రశ్నలు ఇంగ్లీషులో అడిగాను. జవాబులు రిపోర్టులో ఉన్న వాక్యాల్లాగే వచ్చాయి. హిందూపురం అమ్మాయి చేతులు నలుపుకుంటోంది. పక్కన కూర్చున్న ఇంటర్నల్ మేడం, అంటే ఆ కాలేజీ తరఫు పరీక్షకురాలు, కోలారు వైపు ఆవిడ, ఆవిడకి తెలుగు చక్కగా వచ్చు. ఆవిడ సరేనన్నాక, ఆ అమ్మాయితో “తెలుగులో చెప్పమ్మా, అసలు మీరు ఏం చేశారు?” అన్నాను.

అంతే, గేటు ఎత్తినట్టయింది. “మొదట ఫోన్ లొకేషన్ చూసి, రాత్రి ఎవరు పీజీలో ఉన్నారో కనుక్కుందాం అనుకున్నాం మేడం. పీజీ అమ్మాయిలు ఒప్పుకోలేదు. రాత్రి మేం ఎక్కడున్నామో మీకెందుకు అన్నారు. వాళ్ళు అన్నది నిజమే కదా అనిపించింది. పైగా గదిలో ఉన్నా లొకేషన్ పక్క బిల్డింగ్ చూపిస్తోంది. అందుకే అది తీసేసి, రాత్రి తొమ్మిదిలోపు నొక్కే ఒక బటన్ పెట్టాం” అంది. అనంతపురం అబ్బాయి అందుకున్నాడు. వంటగదిలో పెట్టిన ట్యాబ్ ప్రతి ఐదు సెకన్లకోసారి ఆ 120 మంది రికార్డులూ మళ్ళీ చదివేదట. వాడిన మొదటి రోజే యాప్ ఆగిపోయింది. వాళ్ళు వాడింది ఫైర్‌స్టోర్, గూగుల్ వాళ్ళ ఆన్‌లైన్ డేటాబేస్. అందులో ఉచితంగా రోజుకి 50,000 రీడ్స్ ఇస్తారు, ఒక రికార్డు ఒకసారి చదివితే ఒక రీడ్. నిమిషానికి 12 సార్లు, సారికి 120 అంటే నిమిషానికి 1,440. మొత్తం కోటా 35 నిమిషాల్లో అయిపోయింది. ఆ లెక్క ఆ అబ్బాయి అక్కడికక్కడే బోర్డు మీద వేసి చూపించాడు. తర్వాత లిజనర్ పెట్టారు. అది ఉంటే మారిన రికార్డులకే లెక్క పడుతుంది. ఇంకో సంగతి కూడా చెప్పారు. వంటావిడకి చదువు రాదు, అంకెలు మాత్రం తెలుసు. అందుకని మొదట వేసిన గ్రాఫులు, రంగులు అన్నీ తీసేసి, తెర నిండా ఒకే ఒక్క అంకె పెట్టారు. 96 అంటే 96 మందికి వండాలి.

నేను వింటూ ఉండిపోయాను. “ఇదంతా రిపోర్టులో ఏ పేజీలో ఉందమ్మా?” అని అడిగాను. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ అమ్మాయి నిజంగా తెలియక, “ఇది కూడా రాయాలా మేడం?” అంది.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇవాళ మీ ముందు నిలబడింది ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికే. అవునమ్మా, ఇదే రాయాలి. ముందు ఇది రాసి, తర్వాత మిగతావి రాయాలి.

ఎందుకో చెబుతాను. మీ ప్రోగ్రాం ఏం చేస్తుందో కోడ్ చూస్తే తెలుస్తుంది, కాస్త ఓపిక ఉంటే చాలు. అలా ఎందుకు చేశారో మాత్రం కోడ్‌లో దొరకదు. లొకేషన్ ఎందుకు లేదో ఏ ఫైల్లో కనిపిస్తుంది? లేనిదాన్ని కోడ్ చూపించలేదు. ఆ కారణం మీ నలుగురి తలల్లోనే ఉంది. పరీక్షలయ్యాక మూడు నెలలకి ఒకరు పుణె, ఒకరు హైదరాబాద్ వెళ్ళిపోతారు. వచ్చే ఏడు జూనియర్లు మీ ప్రాజెక్టు తీసుకుని, “అరే, లొకేషన్ పెడితే సులువు కదా” అని అక్కడి నుంచే మొదలుపెడతారు. మీకు రెండు నెలలు ఖర్చు చేయించిన దారిలోనే వాళ్ళూ వెళతారు.

చదువుకునే పిల్లల ప్రాజెక్టుకే ఇంత దేనికి అనుకోకండి. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్ 5 రాకెట్ మొదటిసారి ఎగిరింది. దాదాపు 40 సెకన్లకే, సుమారు 3,700 మీటర్ల ఎత్తులో దారి తప్పి, విరిగి, పేలిపోయింది. నెలన్నర తిరక్కుండానే, జూలై 19న, విచారణ బృందం నివేదిక బయటపెట్టింది. ప్రోగ్రామర్లలో చాలామందికి తెలిసిన కథే ఇది. 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యని, అంటే దశాంశాలు ఉండే సంఖ్యని, 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోయారు. ఆ పూర్ణాంకంలో 32,767 కంటే పెద్దది పట్టదు. వచ్చిన విలువ అంతకన్నా పెద్దది. కంప్యూటర్ ఆగిపోయింది. దానికి తోడుగా పెట్టిన రెండో కంప్యూటర్‌లోనూ అదే సాఫ్ట్‌వేర్, అదీ అలాగే ఆగిపోయింది. ఏరియాన్ 4లో ఏళ్ళ తరబడి బాగా నడిచిన కోడ్‌నే ఇందులోకి తెచ్చారు. కొత్త రాకెట్ అడ్డంగా పోయే వేగం మొదట్లోనే పాతదానికన్నా ఎక్కువ, దానితో ముడిపడిన ఆ విలువ అందుకే పట్టలేదు.

కథ ఇక్కడితో ఆపేస్తారు చాలామంది. నాకు మాత్రం ఆ నివేదికలో ముఖ్యంగా తోచింది దీని తర్వాతి ముక్క. అలా మార్చేటప్పుడు పొంగిపొర్లే ప్రమాదం ఉన్న వేరియబుల్స్ ఏడు ఉన్నాయని అప్పట్లో ఆ ఇంజినీర్లు గుర్తించారు. నాలుగింటికి రక్షణ పెట్టారు. మూడింటికి తెలిసే వదిలేశారు. కంప్యూటర్ మీద పని భారం 80 శాతం దాటకూడదని నియమం పెట్టుకున్నారు. ఆ మూడు విలువలూ అంత పెద్దవి కావని లెక్క వేసుకున్నారు. ఏరియాన్ 4కి ఆ లెక్క సరిపోయింది కూడా. అంటే అది అజాగ్రత్త కాదు, ఆలోచించి తీసుకున్న నిర్ణయం. కానీ ఆ కారణం సోర్స్ కోడ్‌లో ఎక్కడా రాసి లేదు. కావాలని దాచలేదు గానీ, గుట్టలకొద్దీ డాక్యుమెంట్ల మధ్య అది బయటివాళ్ళ కంటపడకుండా పోయిందని విచారణ బృందం తేల్చింది. డాక్యుమెంట్లు లేక జరిగింది కాదిది. డాక్యుమెంట్లు బోలెడున్నాయి, కావలసిన ఒక్క ముక్క చదివేవాడికి ఎదురుపడలేదు. ఈ పీజీ యాప్ పిల్లల 74 పేజీలు చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది అదే.

సరే, ఎలా రాయాలి? ప్రాజెక్టు ఇంకా నడుస్తున్నవాళ్ళు ఇవాళ్టి నుంచే ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, లేదా మీ కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో ఒక ఫైల్. ఏదన్నా తేల్చుకున్న రోజు తేదీ వేసి నాలుగు వాక్యాలు రాయండి: మాకు ఏం కావాల్సి వచ్చింది, ఏమేం దారులు చూశాం, ఏది పట్టుకున్నాం, దానివల్ల ఏం వదులుకున్నాం. నాలుగోది తప్పకుండా రాయాలి. లొకేషన్ వదిలి బటన్ పెట్టారు కదా, దానివల్ల నొక్కడం మర్చిపోయినవాళ్ళ లెక్క తప్పుతుంది. ఆ నష్టం తెలిసే ఒప్పుకున్నారు. నాలుగో వాక్యం ఉంటే చదివేవాళ్ళకి మీమీద నమ్మకం కుదురుతుంది. అన్నీ లాభాలే అని రాస్తే అనుమానం వస్తుంది.

ప్రాజెక్టు అయిపోయిందక్కా, ఏమీ రాసుకోలేదు అనేవాళ్ళు, మీకూ దారి ఉంది. మీ బ్యాచ్ వాట్సాప్ గ్రూప్ తెరవండి. అందులో “వద్దు” అని వెతకండి. “పనిచేయట్లేదు” అని వెతకండి. “ఎందుకురా” అని వెతకండి. మీరు తగువు పడిన ప్రతి రాత్రీ అక్కడ తేదీ, టైముతో సహా ఉంటుంది. ఆ తగువుల్లోనే మీ డిజైన్ అధ్యాయం ఉంది. నలుగురూ కలిసి కూర్చుని పది తగువులు ఏరుకోండి. అందులో ఐదో ఆరో రాయదగ్గవి అవుతాయి. పక్కన గిట్ లాగ్, అంటే కోడ్‌లో చేసిన మార్పుల చిట్టా, పెట్టుకుంటే ఏ వారం ఏం మారిందో గుర్తొస్తుంది. కమిట్ మెసేజ్‌లో, అంటే మార్పు దాచేటప్పుడు రాసే మాటలో, “అప్‌డేట్”, “ఫైనల్”, “ఫైనల్ 2” అని రాసుకున్నవాళ్ళకి మాత్రం కొంచెం కష్టమే.

ఇప్పుడు గుంపు సంగతి. నలుగురు కలిసి చేసిన పనిని ఎక్కువ బ్యాచ్‌లలో ఒక్కరే కూర్చుని రాస్తారు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళో, ల్యాప్‌టాప్ బాగున్నవాళ్ళో. మా బ్యాచ్‌లో ఆ ఒక్కరూ నేనే. లైబ్రరీ పుస్తకాల ప్రాజెక్టు మాది. రెండు రాత్రులు కూర్చుని రాశాను. నా మాడ్యూల్ గురించి నాకు బాగా తెలుసు కాబట్టి అది 22 పేజీలు వచ్చింది. మా బ్యాచ్‌లో ఒక స్నేహితురాలు నెల రోజులపాటు లైబ్రరీ రిజిస్టర్లు ముందేసుకుని దాదాపు 3,000 పుస్తకాల వివరాలు చేత్తో ఎక్కించింది. ఒకే రచయిత పేరు నాలుగు రకాలుగా రాసి ఉంటే పట్టుకుని సరిచేసింది. ఆ డేటా లేకపోతే నా సెర్చ్ మాడ్యూల్‌కి పనే లేదు. ఆమె కష్టం గురించి నేను రాసింది ఒకే వాక్యం: “డేటా వాజ్ కలెక్టెడ్.” ఎవరు సేకరించారు? ఆ వాక్యంలో మనిషే లేదు. వైవాలో ఎక్స్‌టర్నల్, అంటే బయటి నుంచి వచ్చిన పరీక్షకులు, ఆమెని “నువ్వేం చేశావమ్మా?” అని అడిగారు. రిపోర్టు తిప్పి చూపించడానికి ఆమెకి ఒక్క పేజీ లేదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు ఆమె ముఖం నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది.

అందుకే గట్టిగా చెబుతున్నాను. రిపోర్టులో “ఎవరేం చేశారు” అన్న పేజీ ఒకటి పెట్టండి, ఫార్మాట్ అడగకపోయినా. గిట్‌లో షార్ట్‌లాగ్ కమాండ్ కొడితే ఎవరివి ఎన్ని కమిట్లో వరసగా వస్తాయి. దాన్ని తెచ్చి అతికించి చేతులు దులుపుకోకండి. పీజీ యాప్‌లో హిందూపురం అమ్మాయివి ఆరు కమిట్లే. కానీ పీజీ అమ్మాయిలతో మాట్లాడింది ఆమె, వంటావిడ పక్కన రెండు పొద్దులు నిలబడి చూసింది ఆమె. ఆ ఒక్క అంకె తెర ఆమె వల్లే వచ్చింది. పరిశోధనా పత్రాలు రాసేవాళ్ళకి క్రెడిట్ అని ఒక పద్ధతి ఉంది. అందులో 14 రకాల పాత్రలుంటాయి. సాఫ్ట్‌వేర్ రాయడం వేరు, డేటా శుభ్రం చేసి సర్దడం వేరు, మొదటి ప్రతి రాయడం వేరు, దాన్ని చదివి దిద్దడం వేరు. ఆ జాబితా దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటే ఎవరి పనీ జారిపోదు. కర్తని వదిలేసే ఇంగ్లీషు వాక్యాలు కూడా తగ్గించండి. “వీ చోజ్”, “వీ ట్రైడ్”, “వీ రిమూవ్డ్” అని రాయండి. మీ గైడ్ ‘వీ’ వద్దంటే వద్దులెండి. కనీసం కారణం ఆ వాక్యంలో నిలిచేలా చూడండి.

నలుగురూ తలా ఒక అధ్యాయం రాసే బ్యాచ్‌లకి ఇంకో ఇబ్బంది ఉంటుంది. పీజీ యాప్ రిపోర్టులో ఒకే మనిషిని రెండో అధ్యాయంలో యూజర్ అన్నారు, మూడులో రెసిడెంట్, నాలుగులో స్టూడెంట్, ఆరులో కస్టమర్. అది చదవడానికి చికాకు, అంతే. అసలు ప్రమాదం ‘కౌంట్’ అన్న మాట దగ్గర వచ్చింది. మూడో అధ్యాయంలో కౌంట్ అంటే బటన్ నొక్కినవాళ్ళ సంఖ్య. ఆరో అధ్యాయంలో కౌంట్ అంటే నిజంగా వచ్చి తిన్నవాళ్ళ సంఖ్య. ఈ రెండింటి మధ్య తేడాయే కదా ప్రాజెక్టు ఫలితం! 1999 సెప్టెంబరు 23న నాసా వాళ్ళ వ్యోమనౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గరికి చేరాక నాశనమైపోయింది. ఒక బృందం సాఫ్ట్‌వేర్ లెక్కలు పౌండ్లలో ఇచ్చింది, రెండో బృందం అవి న్యూటన్లలో ఉన్నాయనుకుంది. అంకె ఒకటే, అర్థాలు రెండు. మీరు రాయడం మొదలుపెట్టకముందే పదిహేను మాటల పట్టిక ఒకటి వేసుకోండి. ఏ మాట దేనికి వాడాలో నలుగురూ ఒప్పుకోండి. అంతా అయ్యాక ఒక్క మనిషి మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒకే విడతలో కూర్చుని చదవాలి. వీలైతే గట్టిగా చదవాలి.

టెస్టింగ్, ఫలితాలు. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే నన్ను ఎక్కువ బాధపెట్టే అధ్యాయం ఇదే. సరైన పాస్‌వర్డ్ ఇస్తే లాగిన్ అవుతుంది, పాస్. తప్పు పాస్‌వర్డ్ ఇస్తే అవ్వదు, పాస్. ఇలాంటి పట్టిక వల్ల చదివేవాళ్ళకి తెలిసేది ఏమీ లేదు. ఫెయిలైన టెస్ట్ రాయండి. 35 నిమిషాల్లో కోటా అయిపోవడం గొప్ప టెస్ట్ ఫలితం. ఏం చూశారు, ఏం లెక్క వేశారు, ఏం మార్చారు, మార్చాక రోజుకి ఎన్ని రీడ్స్ అయ్యాయి. ఈ ఒక్కటి రెండు పేజీలు రాస్తే పన్నెండు పాస్‌లకన్నా విలువైనది.

ఆ బ్యాచ్‌కి గైడ్ ‘ఏదైనా మెషిన్ లెర్నింగ్ పెట్టండి’ అన్నారట. పెట్టారు. ఎవరు టిఫిన్‌కి వస్తారో ముందే ఊహించే మోడల్. “91 శాతం అక్యురసీ” అని పెద్ద అక్షరాలతో రాశారు. నేను ఒక ప్రశ్న అడిగాను. మామూలు రోజుల్లో 120 మందిలో ఎంతమంది తింటారు? 108 మంది దాకా అన్నారు. అంటే 90 శాతం. ఏ మోడలూ లేకుండా, కళ్ళు మూసుకుని “అందరూ వస్తారు” అని చెప్పినా 90 శాతం సరిపోతుంది. ఇంత పనిచేసి మోడల్ తెచ్చింది ఒక్క శాతం. పిల్లల ముఖాలు వాడిపోయాయి. కానీ అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ 90ని పక్కన పెట్టి చూపించి, “మామూలు రోజుల్లో మోడల్ వల్ల పెద్దగా లాభం లేదు, పండగ ముందు రోజుల్లో ఉందేమో చూడాలి, అలాంటి రోజులు మాకు రెండే దొరికాయి” అని రాస్తే అది నిజమైన ఫలితం. ఏ శాతం రాసినా దాని పక్కన ఈ రెండూ ఉండాలి: ఏమీ చేయకపోతే ఎంత వచ్చేది, ఎన్నిటి మీద చూశారు. ఒక పీజీ, 14 రోజులు అయితే ఒక పీజీ, 14 రోజులు అనే రాయండి. దాన్ని “బెంగళూరు పీజీలలో” అని సాగదీయకండి.

చిన్న సంగతులు కొన్ని గబగబా చెబుతాను. స్క్రీన్‌షాట్‌లు తీసేముందు ఎడిటర్ డార్క్ థీమ్ మార్చండి. ప్రింటులో నల్లటి పలక వస్తుంది, జిరాక్స్ తీస్తే అది కూడా ఉండదు. స్క్రీన్‌షాట్‌లో నిజం మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు కనబడనివ్వకండి. ఆ పీజీ రిపోర్టులో కొందరి నంబర్లు అలాగే ఉన్నాయి, రిపోర్టు లైబ్రరీలో పదేళ్ళు ఉంటుంది. ఏపీఐ కీలు, అంటే బయటి సేవలు వాడుకోవడానికి మీకిచ్చే రహస్య సంకేతాలు, కోడ్‌లో పెట్టి గిట్‌హబ్‌లో ఎక్కించినవాళ్ళు, తర్వాత కమిట్‌లో తీసేస్తే పోయిందనుకోకండి. పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది. ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. అనుబంధంలో కోడ్ మొత్తం 30 పేజీలు ప్రింట్ చేయకండి. ముఖ్యమైన రెండు ఫంక్షన్లు చాలు, మిగతాదానికి గిట్‌హబ్‌లో మీ కోడ్ ఉన్న రిపాజిటరీ లింక్ ఇచ్చి, ఏ వెర్షన్ మీద రిపోర్టు రాశారో అక్కడ ట్యాగ్ వేయండి. అబ్‌స్ట్రాక్ట్, అంటే మొదట్లో వచ్చే సారాంశం, మిగతావన్నీ అయ్యాక రాయండి. విషయసూచిక చేత్తో టైప్ చేయకండి, హెడింగ్ స్టైల్స్ వాడితే వర్డే తయారు చేస్తుంది. బైండింగ్ షాపులో ఆఖరి రోజు రద్దీ ఎలా ఉంటుందో మీ సీనియర్లని అడగండి, నాలుగు రోజులు ముందే వెళ్ళండి.

ఇక కాపీ సంగతి, చాట్‌జీపీటీ సంగతి. యూజీసీ 2018లో థీసిస్‌లు, డిసర్టేషన్ల కోసం నియమాలు తెచ్చింది. పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే ఆరు నెలల్లోపు మళ్ళీ రాసి ఇవ్వాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. బీఈ రిపోర్టులకి కాలేజీలు తమ హద్దులు తాము పెట్టుకుంటాయి, మీ గైడ్‌ని అడగండి. పిల్లలు ఆ శాతం తగ్గించడానికి మాటలు మార్చి మార్చి రాస్తుంటారు, ‘సిస్టమ్’ని ‘మెకానిజం’ చేస్తుంటారు. పోలిక ఎందుకొస్తోంది? ఆండ్రాయిడ్ చరిత్ర అందరూ రాస్తున్నారు కాబట్టి. మీ వంటావిడ గురించి ఇంకెవరూ రాయలేదు. లొకేషన్ తగువు, కోటా లెక్క, ఆ ఒక్క అంకె తెర, వీటికి ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ పోలిక దొరకదు. చాట్‌జీపీటీకి కూడా ఇవి తెలియవు. మీరు రాసుకున్న పేరాలో వ్యాకరణం దిద్దమని అడగండి, కాలేజీ ఒప్పుకుంటే తప్పులేదు. పేరాయే రాసిపెట్టమంటే మీ కారణాల స్థానంలో అందరి కారణాలూ తెచ్చి పెడుతుంది. అది ఇచ్చిన రిఫరెన్సులు తెరిచి చూడకుండా పెట్టకండి. లేని పేపర్లు కూడా ఉన్నట్టు ఇస్తుంది.

మీలో చాలామందికి లోపల ఒక భయం ఉంది, నాకు తెలుసు, నాదీ తెలుగు మీడియమే. “మాకు ఇంగ్లీషు రాదు కాబట్టి పక్క రిపోర్టు చూసి రాస్తాం” అంటారు. ఆ రోజు రివ్యూలో నేను చూసింది ఏమిటంటే, ఆ పిల్లల ఆలోచన అంతా తెలుగులో జరిగింది. తగువులు తెలుగులో, లెక్కలు తెలుగులో, వంటావిడతో మాటలు సగం కన్నడ, సగం తెలుగు. రిపోర్టు దగ్గరికి వచ్చేసరికి అవన్నీ గుమ్మం బయట వదిలేసి ఎవరిదో ఇంగ్లీషు తొడుక్కున్నారు. మీరు తిరగేసి చేయండి. ముందు తెలుగులో చెప్పుకోండి, ఫోన్‌లో రికార్డ్ చేయండి. తర్వాత చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో పెట్టండి. “ది గర్ల్స్ డిడ్ నాట్ వాంట్ టు షేర్ దెయిర్ లొకేషన్. సో వీ రిమూవ్డ్ ఇట్.” ఇందులో తప్పేముంది? ఎనిమిదో తరగతి ఇంగ్లీషు. ఏ ఎక్స్‌టర్నల్ అయినా ఇది చదివి తల ఎత్తి మీ వైపు చూస్తారు.

ఒక తమ్ముడు ఇందాక బయట అడిగాడు, “అక్కా, ఫెయిలైనవి రాస్తే మా గైడ్ ఒప్పుకోరు, మార్కులు పోతాయంటారు” అని. ఆ భయం నిజమే, కొట్టిపారేయను. దానికి “వైఫల్యాలు” అని అధ్యాయం పెట్టనక్కర్లేదు. “డిజైన్ డెసిషన్స్” అని పెట్టండి. ఆఖరి వారంలో తీసుకెళ్ళి చూపించకండి, ఒక్క నిర్ణయం రాసి ఇప్పుడే చూపించండి, అరపేజీ. చదవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. గైడ్లు కూడా ఏడాదికి పది బ్యాచ్‌ల ఆండ్రాయిడ్ చరిత్ర చదివి విసిగిపోయి ఉంటారు. ఆ పీజీ బ్యాచ్ ఇంటర్నల్ మేడం ఆ రోజు నన్ను పక్కకి పిలిచి, “వీళ్ళు ఇంత పని చేశారని నాకే తెలియదండీ” అన్నారు. బైండింగ్ అప్పటికే అయిపోయింది. అందుకని పిల్లల చేత ఆ మూడు నిర్ణయాలూ రాయించి, రిపాజిటరీలో రీడ్‌మీ ఫైల్‌లో పెట్టించారు. రెండు పేజీలు వచ్చింది. రాయడానికి వాళ్ళకి పట్టింది ఒక మధ్యాహ్నం.

టీ రావడానికి ఇంకా ఇరవై నిమిషాలు ఉందట. ల్యాప్‌టాప్‌లు, పేపర్లు తీయండి. బ్యాచ్‌లుగా కూర్చోండి. ఒక్కరే వచ్చినవాళ్ళు పక్కవాళ్ళతో జతకట్టండి, వాళ్ళకి మీ ప్రాజెక్టు తెలియకపోవడమే మంచిది. మీ ప్రాజెక్టులో మొదట పెట్టి తర్వాత తీసేసింది ఏదో ఒకటి తలుచుకోండి. ఒకరు తెలుగులో చెప్పండి, రెండోవాళ్ళు రాయండి. రాసేవాళ్ళు “ఎందుకు?” అని మూడుసార్లు అడగండి. వెనక వరసలో అమ్మా, మీ దగ్గర పెన్ను ఉందా? ఇదిగో, తీసుకోండి.